పరిచయస్తుడు

మా ఆఫీసు, మూడో అంతస్తు, ఫ్యాను తిరగని మూల

పిన్నికి,

ఆ రోజు నిన్ను చూసి ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయాను. మీ పెద్ద మేడం నాకు ఆడవాళ్లకు ఆశ్రయమిచ్చే ఆ ఇల్లంతా తిప్పి చూపిస్తోంది. ఇక్కడ మా ఆడవాళ్లు హోటళ్ల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేస్తారు, ఫొటోకి బాగుంటుంది అంటూ తలుపు తీసింది. ఆవిరిలోంచి నువ్వు తలెత్తావు. నేను నోరు తెరిచేలోపే కళ్లతోనే వద్దన్నావు. ఫొటో తీయకుండా, ఏమీ తెలియనిదానిలా బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. సంస్థ చేస్తున్న సేవ చూసి నా మనసు కరిగిందనుకుని మేడం మంచినీళ్లు ఇప్పించింది.

మనింట్లో నీ గురించి చెప్పుకునే కథ వేరు. బట్టల కంపెనీలో ఉద్యోగానికని వెళ్లి, చేరిన కొత్తలోనే ఎవరితోనో వెళ్లిపోయావని. నీ మాటెత్తితే అమ్మ గిన్నెలు గట్టిగా తోముతుంది. నాన్న ఒక్కడే, పోనీలే, ఎక్కడున్నా సుఖంగా ఉంటే చాలు అనేవాడు. నువ్వు వెళ్లిన రోజు నాకు బాగా గుర్తు. నాన్న నీ సంచి తన భుజాన వేసుకుని బస్టాండు దాకా వచ్చాడు. బస్సు కిటికీలోంచి నీకు బిస్కెట్ ప్యాకెట్ అందించాడు. నాకు కొనలేదని నేను ఇల్లు చేరేదాకా అలిగాను.

నేనిప్పుడు వెబ్‌సైట్లు తయారుచేసే కంపెనీలో డిజైనర్ని. మీ సంస్థ సైటును కొత్తగా చేసే పని మాకొచ్చింది. పాతది చూస్తే నాకు ఒళ్లు మండింది. నువ్వు చూసి ఏది ఉండాలో, ఏది పీకేయాలో చెప్పు. నీకు ఫోనంటే పడదని మీ సంస్థ ఆఫీసులో కళ్లజోడామె చెప్పింది. ఉత్తరాలు తానే చేరవేస్తానంది. ఇంట్లో నేనేమీ చెప్పలేదు, నువ్వు చెప్పమనేదాకా చెప్పను.

నీ పొట్టి


ఇస్త్రీ గది, చివరి బల్ల

పొట్టిదానికి,

తలుపుకి తల తగిలేంత పొడుగైనా ఇంకా పొట్టి అనే సంతకం చేస్తున్నావు. సంతోషం. క్షేమమని రాయడం నాకు అలవాటు తప్పింది. కాళ్లు నొప్పి, చేతులు బాగున్నాయి, ఆకలేస్తోంది. దాన్ని క్షేమమే అనుకో.

ఆ రోజు కళ్లతో వద్దన్నది నీ మీద కోపంతో కాదు. పెద్ద మేడానికి చుట్టరికం తెలిస్తే మనిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి మైకు ఇస్తుంది. ఇక్కడ ఆవిడ పేరే మైకు. ఒక్కరితో మాట్లాడినా నలుగురికి వినిపించేలా మాట్లాడుతుంది. మనిషి చెడ్డది కాదు. మాకు తిండి పెట్టేది ఆ గొంతే.

కళ్లజోడామె కంప్యూటర్లో మా పాత సైటు చూశాను. మొదటి పేజీలో గొలుసులతో కట్టిన చేతులు. ఎవరివే అవి? గోళ్లకు రంగు కూడా వేసుకుంది పాపం. నన్నెవరూ గొలుసులతో కట్టలేదు. నా చెప్పులు దాచేశారు. అంతే చాలింది. చెప్పులు లేకుండా వీధిలోకి వచ్చిన ఆడదాన్ని అందరూ చూస్తారు, నేనున్న ఇంటివాడికి ఎవరో ఒకరు చెప్తారు.

రెండో పేజీలో నా కథ ఉంది. పేరు లేదు, ముఖం లేదు, "మా బృందం ఆమెను విడిపించి తీసుకొచ్చింది" అని ఉంది. ఎవరే తీసుకొచ్చింది? మాసిన దుప్పట్ల మూట నెత్తిన పెట్టుకుని, వాడి చెప్పులే కాళ్లకు తొడుక్కుని నేను నడిచి వచ్చాను. చెప్పులు నా పాదానికి పెద్దవి, ఒకటి దారిలో ఊడిపోయింది. ఆఫీసు ఇంకా తెరవలేదు. గుమ్మం ముందు కూర్చుంటే ఊడ్చేవాడు, ఆఫీసు పదింటికండీ అన్నాడు. తర్వాత వీళ్లు మంచిగా చూశారు, కాదనను. కానీ తీసుకొచ్చారు అనడానికి నేనేం మూటనా? తెచ్చారు అన్నది తీసేసి వచ్చాను అని పెట్టు. నీ చేతిలో ఉంటే అదొక్కటి చెయ్యి.

పిన్ని


ఆఫీసు, మీటింగు గది బయట

పిన్నికి,

నీ ఉత్తరం చదివి బస్సులో పైకే నవ్వాను, పక్కనామె జరిగి కూర్చుంది. గొలుసులు పీకేశాను. మా బాస్‌కి అది నచ్చలేదు, చూడగానే గుండె బరువెక్కాలి అంటాడు. ఆయన పోయిన నెల చెప్పుల దుకాణం సైటు చేయించాడు. ఆ లెక్కన ఇప్పుడు నీ చెప్పుల ఫొటో పెట్టమనాలి.

వచ్చాను అన్న మాట కోసం యుద్ధమే జరిగింది. మైకుగారు, విరాళాలిచ్చేవాళ్లు మనం ఏం చేశామో చూస్తారమ్మా, ఆమె ఏం చేసిందో కాదు అంది. నేను, ఆమె నడిచి రాకపోతే మీరు చేయడానికి ఏముండేదండీ అన్నాను. నా ఉద్యోగం అక్కడితో సరి అనుకున్నాను. ఆవిడ కాగితం మీద ఆ పాత మాట తానే కొట్టేసి, సరే పెట్టండి అంది. గెలిచాం పిన్నీ.

ఇంకో సంగతి. ఇలాంటి సైట్లలో పై మూల ఒక బటన్ ఉంటుంది. చూస్తుండగా ఎవరైనా గదిలోకి వస్తే అది నొక్కాలి. పేజీ మాయమై మామూలు పేజీ ఏదో వస్తుంది. నేను ఎండా వానా చెప్పే పేజీ పెట్టాను. బాగుందా?

నాన్న ఈ మధ్య రోజూ ఇంట్లో నా పక్కన కూర్చుని పని చూస్తున్నాడు. ఒక చెవి సరిగ్గా వినబడదు కానీ కళ్లు బాగున్నాయి. ఏ సంస్థో, ఎక్కడో చెప్పలేదులే. హెచ్చరికల పేజీకి మంచి వాక్యం తోచడం లేదంటే తనే చెప్పాడు. "అపరిచితుల మాట నమ్మి గడప దాటకండి" అని. పెద్ద అక్షరాలతో పెట్టాను. మేడానికి తెగ నచ్చేసింది. మంచి పని చేస్తున్నావమ్మా అని నాన్న నా తల నిమిరాడు. నిన్ను చూశానని ఆయనకైనా చెప్పాలనిపించి నాలుక కరుచుకున్నాను. ఎంత సంతోషిస్తాడో కదా.

నీ పొట్టి


ఇస్త్రీ గది

పొట్టిదానికి,

వచ్చాను అన్న మాటకు నువ్వు ఉద్యోగం పణంగా పెట్టావని ఇక్కడ అందరికీ చెప్పాను. దుప్పటి మడతపెట్టేటప్పుడు రెండో కొస పట్టుకునే ఆమె, నాకు అలాంటి పొట్టి ఒకతి ఉంటే బాగుండేది అంది. నాకు గర్వంగా ఉంది. గర్వపడి చాలా ఏళ్లయింది, ముఖం ఎలా పెట్టాలో కూడా తెలియలేదు.

బటన్‌లో ఎండా వానా వద్దు. వాతావరణం చూసుకునేది బయటికి వెళ్లేవాళ్లు. ఇంట్లోంచి కదలకూడని ఆడది రేపు వాన పడుతుందా అని చూస్తే వాడికి వచ్చే మొదటి అనుమానం, ఎక్కడికి బయల్దేరావు అని. బట్టల మీద మరకలు ఎలా వదిలించాలో చెప్పే పేజీ పెట్టు. వాడు దాన్ని చూసి సంతోషిస్తాడు కూడా.

హెచ్చరికల పేజీలో ఆ వాక్యం తీసెయ్యి. నన్ను అపరిచితులెవరూ గడప దాటించలేదు. ఇక్కడున్న వాళ్లలో ఎవరినడిగినా ఆ మాటే చెప్తారు. ఒకర్ని పెద్దమ్మ కొడుకు, ఒకర్ని కట్టుకున్నవాడు, ఒకర్ని కన్నతల్లే. ముక్కూ మొహం తెలియనివాడు పిలిస్తే వెళ్లేంత వెర్రివాళ్లం కాదు మేము. తెలిసినవాడు కాబట్టే వెళ్లాం.

మరకల పేజీ మర్చిపోకు.

పిన్ని


ఆఫీసు, అదే మూల

పిన్నికి,

మరకల పేజీ పెట్టేశాను. మా బాస్ మొదట నవ్వాడు, నువ్వు చెప్పిన కారణం చెప్తే మళ్లీ నవ్వలేదు.

అపరిచితులు అన్న వాక్యం తీస్తానంటే మైకుగారు ఒప్పుకోవడం లేదు, నాన్నకు కూడా చిన్నబుచ్చినట్టు ఉంటుంది. కానీ నువ్వన్నది నిజం. అందుకే ఒకటి అనుకున్నాను. ఆ వాక్యం అక్కడ ఉన్నా, నీ కథలో అసలు నిన్ను పంపినవాడు ఎవరో ఉంటే చదివేవాళ్లకు తెలుస్తుంది. పాత సైటులో "ఒక ఏజెంటు" అని ఉంది. నేనూ ఇన్నాళ్లూ ఏజెంటే అనుకున్నాను. తెలిసినవాడు అని నువ్వే రాశావు కదా. ఎవరు పిన్నీ? మన వీధిలోవాడా? పేరు వద్దు, నీకు ఏమవుతాడో ఆ వరస ఒక్కటి చెప్పు. ఏ మాట చెప్తే ఆ మాటే పెడతాను, అక్షరం మార్చను. వచ్చాను కోసం పోట్లాడినదాన్ని, దీనికి వెనకాడతానా?

నాకు కోపంగా ఉంది. వాడు హాయిగా ఎక్కడో తిని తిరుగుతూ ఉంటాడు.

నీ పొట్టి


ఇస్త్రీ గది, అందరూ భోజనానికి వెళ్లాక

పొట్టీ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. కళ్లజోడామె రెండుసార్లు అడిగింది, జవాబు లేదా అని. రాసి చించాను.

చెప్పకుండా ఉంటే నీకు మంచిది అనుకున్నాను. ఇన్నాళ్లూ ఆయన మాట నేనెత్తలేదు, గమనించావా? నువ్వే ప్రతి ఉత్తరంలో ఆయన్ని తెచ్చి నా ఎదురుగా కూర్చోబెడుతున్నావు. సంచి మోశాడు, తల నిమిరాడు, వాక్యం చెప్పాడు. ఇక నావల్ల కాదు.

బావ అని పెట్టు.

నాకు ఒక్కతే అక్క. ఒక్కడే బావ.

కిటికీలోంచి బిస్కెట్లు అందించాక, పక్క సీటులో కూర్చున్నవాణ్ణి చూపించి, మనవాడే, అన్నీ చూసుకుంటాడు అన్నాడు. ఆయనకేమీ తెలియదేమోనని నేనూ చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. ఒకసారి ఫోన్ దొరికితే మీ ఇంటికి చేశాను. ఆయనే ఎత్తాడు. బావా, నేను అన్నాను. గొంతు తగ్గించి, "రాంగు నంబరండీ" అన్నాడు. నన్ను అండీ అన్నాడు పొట్టీ. ఒసేయ్ అని తప్ప పిలవని మనిషి. చీకటి పడకముందే ఆ ఫోన్ సంగతి ఆ ఇంట్లోవాడికి తెలిసిపోయింది. నా చెప్పులు దాచింది ఆ రోజునుంచే. ఫోన్ మోగితే నేను ఇప్పటికీ గది వదిలి బయటికి వెళ్లిపోతాను.

మీ నాన్నను అల్లరి చేయాలని అడగడం లేదు. ఆయనకు శిక్ష వేయించే ఓపిక నాకు లేదు. ఆ పేజీ చదివే పిల్ల ఎవరైనా ఉంటే, అప్పుడే ఆమె సంచి ఎవరో సర్దుతూ ఉంటారు. అపరిచితుడు అని చదివితే ఆమె వీధిలోకి చూస్తుంది. బావ అని చదివితే వెనక్కి తిరిగి ఇంట్లోకి చూస్తుంది. ఆ ఒక్క చూపు కోసం అడుగుతున్నాను.

పిన్ని


ఇల్లు

పిన్నీ,

ఏం రాయాలో తెలియడం లేదు. ఆయన పక్క గదిలో నా కూతురికి చిత్రాల పుస్తకం చదివి వినిపిస్తున్నాడు. పులి గొంతు, కుందేలు గొంతు రెండూ ఆయనే. అది పకపకా నవ్వుతోంది.

అడుగుదామని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లాను. నీళ్లు కావాలా నాన్నా అని అడిగి వచ్చేశాను.

అమ్మకు తెలుసా? అదొక్కటి చెప్పు.

పొట్టి


ఇస్త్రీ గది

పొట్టీ,

మీ అమ్మ నా సంచి సర్దింది. చీరలు మడతపెట్టి, అడుగున తన శాలువా పెట్టింది, అక్కడ చలి అని. అక్కడ చలి అని ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. అంతకు మించి ఏమీ తెలియదు. తెలియనిది చెప్పను.

పాపను ఆయన దగ్గర ఒంటరిగా వదలకు అని రాయబోయి ఆగాను. రాసేశాను కూడా. కోప్పడితే కోప్పడు.

సైటు ఎప్పుడు వస్తుంది?

పిన్ని


ఆఫీసు

ప్రియమైన పిన్నికి,

జవాబు ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు, పనితో ఊపిరాడలేదు. సైటు వచ్చేసింది! ప్రారంభ సభ చాలా బాగా జరిగింది. మైకుగారు మైకు లేకుండానే మాట్లాడారు, చివరి వరసకు కూడా వినబడింది. రంగులు మెత్తగా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు. పాత సైటు తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు, ఇది రెప్పపాటులో తెరుచుకుంటుంది. చిన్న ఫోన్లలో కూడా అక్షరాలు చక్కగా కనబడతాయి. మరకల బటన్ గురించి మా బాస్ సభలో ప్రత్యేకంగా చెప్పాడు. నీ పేరు చెప్పలేదులే, ఒక సోదరి సలహా అన్నాడు.

మొదటి పేజీలో తెరిచిన తలుపు బొమ్మ పెట్టాను. నీకు నచ్చుతుంది. "వచ్చాను" అలాగే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు.

ఇంట్లో పరిస్థితి నీకు తెలుసు. అన్నీ ఒకేసారి కావు. నువ్వు అర్థం చేసుకుంటావు. ఆరోగ్యం జాగ్రత్త. కాళ్లనొప్పులకు మందు పంపిస్తున్నాను, పొద్దునా సాయంత్రం రాసుకో.

నీ పొట్టి


ఇస్త్రీ గది

డిజైనరు గారికి,

మందు అందిందండీ. కాళ్లనొప్పులు ఎక్కువున్న ఇంకొకామెకు ఇచ్చాను.

మీ సైటు చూశాను. తలుపు బొమ్మ బాగుంది. నా కథ రెండుసార్లు చదివాను. "ఒక పరిచయస్తుడు ఉద్యోగం ఇప్పిస్తానని ఆమెను తీసుకెళ్లాడు" అని రాశారు. పరిచయస్తుడు అనే మాట నేను పుట్టాక ఎప్పుడూ నోటితో అనలేదండీ. దానికి అర్థం ఏమిటని కళ్లజోడామెను అడిగాను. ముఖం తెలిసినవాడు, అంతకు మించి ఏమీ కానివాడు అని చెప్పింది. బావ అంటే రెండే అక్షరాలు. చోటు సరిపోలేదేమో.

వార్తల పేజీలో సభ ఫొటోలు కూడా పెట్టారు. ముందు వరసలో పూలగుత్తి పట్టుకుని కూర్చున్న పెద్దాయన నాకు పరిచయస్తుడే. ఆయన వెనక గోడ మీద, అపరిచితుల మాట నమ్మి గడప దాటకండి అని పెద్ద అక్షరాలు. ఫొటో చాలా స్పష్టంగా వచ్చింది. కింద "డిజైనరు తండ్రిగారు" అని రాశారు. అక్కడ మాత్రం వరస సరిగ్గా పెట్టారు.

ఇక్కడికి కొత్తగా ఒకమ్మాయి వచ్చింది. వచ్చినప్పటినుంచీ ఇంటికి పోతాను అంటోంది. ఎవరు పంపారమ్మా నిన్ను అంటే, మా చిన్నాన్న, పాపం ఆయనకేం తెలియదు, ఆయన్నీ మోసం చేసి ఉంటారు అంటుంది. నేను కూర్చోబెట్టి నా సంగతంతా చెప్పాను. బావ అని చెప్పాను. ఆ అమ్మాయి చదువుకున్నది, నా కథ మీ సైటులో చదివింది. "ఇందులో అలా లేదుగా" అంది. "ఎవరో పరిచయస్తుడని ఉంది. ఆయన మా సొంత చిన్నాన్న, అది వేరే" అంది. నేను చెప్పింది నోటిమాట, మీరు రాసింది అచ్చులో ఉంది. ఏది నమ్మాలో ఆమె నిర్ణయించుకుంది. వయసు నిండినదే, బలవంతంగా ఉంచేయడానికి ఎవరికీ హక్కు లేదు. నిన్న వాళ్ల చిన్నాన్న వచ్చాడు. వెళ్లేముందు నాకు దండం పెట్టింది. ఆయనే ఆమె సంచి భుజాన వేసుకున్నాడు.

మీ ఇబ్బంది నాకు తెలియక కాదు. ఇంట్లో ఆయన ఉన్నాడు, అక్క ఉంది, పాప నవ్వుతోంది. నన్నడిగి ఉంటే, నా కథే తీసెయ్యి అనేదాన్ని. నన్ను అడగలేదు. అక్షరం మార్చను అని రాసిన చేత్తోనే మార్చి, రంగులు మెత్తగా ఉన్నాయని ఉత్తరం రాశారు. నాకు కోపం వచ్చిందండీ. ఆ ఫోన్ తర్వాత ఇంత కోపం రాలేదు.

పై మూల మీ బటన్ నొక్కి చూశాను. ఒక్కసారి నొక్కగానే నేనూ, నా కథా, తలుపూ అన్నీ మాయమై, తెల్ల బట్టల మీద మరకలు ఎలా వదిలించాలో వచ్చింది. చాలా బాగా పనిచేస్తోందండీ.

ఇట్లు,
మీ పరిచయస్తురాలు